హెల్మెట్‌లో బ్లూటూత్ హెడ్‌సెట్: అపోహలు - వాస్తవాలు

హెడ్‌సెట్ బాగాలేదని వెనక్కి ఇచ్చేవాళ్లు చెప్పే మాటలు దాదాపు ఒకటే. పాట సన్నగా వినిపిస్తోంది. అవతలివాళ్లకు గాలి హోరు తప్ప ఏమీ వినపడట్లేదు. డబ్బా మీద రాసిన దూరంలో సగం కూడా అందట్లేదు. వీటిలో చాలావాటికి పరికరం తప్పేమీ ఉండదు. స్పీకరు చెవికి అర అంగుళం పక్కన ఉంటుంది, లేదా మైకు తిరగబడి ఉంటుంది. కర్నూలు, అనంతపురం, కడప రోడ్ల మీద, ఇక్కడి ఎండల్లో వాడేవాళ్ల దగ్గర ఎక్కువగా వినపడే అపోహలు ఇవి.

అపోహ: సౌండ్ తక్కువగా వస్తోందంటే స్పీకర్లు నాసిరకం.

ముందు అవి ఎక్కడ అతికించారో చూడండి. స్పీకరు నడిమధ్య భాగం చెవి రంధ్రానికి సూటిగా ఎదురుగా ఉండాలి. ఒక్క సెంటీమీటరు వెనక్కో కిందికో జరిగిందంటే మొదట బేస్ పోతుంది, బండి వేగం పెరిగేకొద్దీ మాట కూడా పోతుంది. హెల్మెట్‌లో చెవి దగ్గర గుంట కనపడగానే అది స్పీకరు కోసమేననుకుని సరిగ్గా దాని మధ్యలో అతికించేస్తారు. ఆ గుంట చెవి మొత్తానికి వదిలిన జాగా. చెవి రంధ్రం చాలామందికి దాని మధ్యలో ఉండదు, కాస్త ముందుకీ పైకీ ఉంటుంది.

సరైన చోటు దొరకబట్టడానికి పావుగంట చాలు. చెంప ప్యాడ్ల టిచ్ బటన్లు ఊడదీసి ప్యాడ్లు బయటికి తీయండి. స్పీకరు వెనక వెల్క్రో అప్పుడే అంటుకోకుండా దాని మీద కాగితం ముక్క పెట్టండి. హెల్మెట్ పెట్టుకుని గడ్డం పట్టీ బిగించి, బాగా తెలిసిన పాటొకటి తక్కువ సౌండులో పెట్టండి. కింది నుంచి వేలు దూర్చి స్పీకరును 5 మిల్లీమీటర్ల చొప్పున ముందుకు, పైకి జరుపుతూ పోండి. ఒకచోట పాట ఉన్నట్టుండి దగ్గరికొస్తుంది, అంతదాకా వినపడని డోలు మోత నిండుగా వినిపిస్తుంది. అదే చోటు. సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, కాగితం తీసేసి అతికించండి. రెండో వైపు మళ్లీ మొదటి నుంచి విడిగా చేయాలి, కొలత పెట్టి అద్దంలో బొమ్మలా అతికిస్తే కుదరదు. ప్యాడ్లు బిగించాక తల కొంచెం జరుగుతుంది కాబట్టి చివర్లో ఇంకోసారి విని చూడండి.

ఇక దూరం. స్పీకరు చెవికి తాకీ తాకనట్టు ఉండాలి. సెంటీమీటరు ఎడం ఉంటే డబ్బాలో వచ్చే గుండ్రటి స్పంజు బిళ్ళలు వెనక పెట్టి ముందుకు తెచ్చుకోవచ్చు. చెవిని ఒత్తితే మాత్రం అరగంటకల్లా నొప్పి మొదలవుతుంది, కర్నూలు దాటి డోన్ చేరేలోపే హెల్మెట్ తీసేయాలనిపిస్తుంది. తక్కువ ధర హెల్మెట్లు చాలావాటిలో చెవి గుంట ఉండదు. అలాంటివాటికి పల్చటి స్పీకర్లు ఉన్న సెట్టే తీసుకోవాలి. కొనేముందు అందరూ స్పీకరు వెడల్పు 40 మిల్లీమీటర్లా, 32 మిల్లీమీటర్లా అని అడుగుతారు. అడగాల్సింది మందం.

అపోహ: చోటు చాలకపోతే లోపలి థర్మకోల్ కొంచెం గీకితే ఏమవుతుంది?

ప్రాణం మీదికి వస్తుంది. ఆ థర్మకోల్ పొర ప్యాకింగ్ కోసం పెట్టింది కాదు. తల దెబ్బతినకుండా దెబ్బ బలాన్ని తాను నలిగి మింగేది అదే. హెల్మెట్ల ప్రమాణమైన ఐఎస్ 4151 ప్రకారం పరీక్ష చేసి ఐఎస్‌ఐ గుర్తు వేసింది ఆ మందంతోనే. చెవి పక్కన చెంచాతో గీకినా, వేడి స్క్రూడ్రైవరుతో కరిగించినా ఆ చోట హెల్మెట్ ఉన్నా లేనట్టే. పెంకుకు డ్రిల్లుతో కంత పెట్టడమూ అంతే. వైర్లు థర్మకోల్‌కూ లోపలి గుడ్డకూ మధ్య నుంచి పోవాలి, కంతల్లోంచి కాదు. ఎవరైనా గీకి బిగిస్తామంటే హెల్మెట్ తీసుకుని వచ్చేయండి.

ఇక హెల్మెట్ బయట ఉండే యూనిట్, అంటే బ్యాటరీ, బటన్లు ఉన్న పెట్టె. దాన్ని బిగించడానికి రెండు దారులు. క్లాంపు అయితే దాని రేకు పెంకుకూ థర్మకోల్‌కూ మధ్య సందులోకి జారుతుంది. సందు బిగుతుగా ఉంటే బలవంతంగా తెరవొద్దు, రెండో దారి పట్టండి. అంటే స్టిక్కరు. దాన్ని అతికించే ముందు చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. పెట్రోలు, థిన్నరు వద్దే వద్దు, పాలీకార్బొనేట్ పెంకును అవి తినేస్తాయి. పైకి కనపడకపోయినా పెంకు పెళుసవుతుంది. అతికించి అర నిమిషం గట్టిగా అదిమి, 24 గంటలు కదల్చకుండా వదిలేయండి. ఊడి రోడ్డు మీద పడిన యూనిట్లలో ఎక్కువ భాగం అతికించిన గంటకే బయలుదేరినవి. యూనిట్ ఎడమ వైపే పెట్టాలి. కుడి చేయి యాక్సిలరేటరు మీద ఉంటుంది కదా.

అపోహ: నాయిస్ క్యాన్సలింగ్ అని రాసి ఉంది కాబట్టి గాలి హోరు వినపడదు.

ఈ ఒక్క మాట నమ్మి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. హెల్మెట్ హెడ్‌సెట్ల డబ్బాల మీద రాసే నాయిస్ క్యాన్సలింగ్ దాదాపు ఎప్పుడూ మైకు గురించి. మీ మాటలో కలిసిన గాలి చప్పుడును అది తగ్గించి పంపుతుంది. లాభం వినేవాళ్లకు. మీ చెవిలో హోరు అలాగే ఉంటుంది.

ఆ మైకైనా సరిగ్గా పెడితేనే పనిచేస్తుంది. మైకుకు ముందూ వెనకా ఉంటాయి. చాలావాటి మీద చిన్న బాణమో చుక్కో ఉంటుంది, అది పెదాల వైపు ఉండాలి. దూరం ఒకటి రెండు సెంటీమీటర్లు. మొహం మొత్తం మూసే హెల్మెట్‌కు గడ్డం దగ్గర లోపల అతికించే బొత్తాం మైకు, ముందు తెరిచి ఉండే హెల్మెట్‌కు కడ్డీ మైకు. పైన తొడిగే స్పంజు టోపీ పోతే కొత్తది తొడిగేదాకా హైవే మీద ఫోన్ మాట్లాడే ఆశ వదులుకోండి. ఉరవకొండ, వజ్రకరూరు వైపు గాలిమరలు తిరిగే మైదానాల్లో అడ్డగాలి హెల్మెట్ కింది నుంచి లోపలికి దూరుతుంది. అక్కడ ఎంత ఖరీదైన మైకూ తడబడుతుంది. గడ్డం కింద గాలి ఆపే గుడ్డ బిగిస్తే చాలా తేడా తెలుస్తుంది.

అపోహ: హోరు ఎక్కువైతే సౌండ్ పెంచుకుంటే సరి.

చెవులు పోయేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెప్పాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలోనే హెల్మెట్ లోపల గాలి చప్పుడు దాదాపు 90 డెసిబెల్స్ ఉంటుంది. వంద దగ్గర 95 దాటుతుంది. వినికిడి నిపుణులు వాడే లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 97కి అరగంట. కర్నూలు నుంచి అనంతపురం దాదాపు 150 కిలోమీటర్లు, ఆగకుండా పోయినా రెండు గంటలు. గాలి ఒక్కటే ఆ హద్దు దాటించేస్తుంటే, పాట వినపడటానికి దాని మీద ఇంకా సౌండ్ పెంచుతున్నారు. దిగాక చెవిలో కీచుమని వినిపించేది అలసట కాదు, దెబ్బ.

మెడికల్ షాపులో దొరికే మెత్తటి స్పంజు ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుని హెడ్‌సెట్ వాడొచ్చు. వినడానికి వింతగా ఉన్నా మాట ఇంకా స్పష్టంగా వస్తుంది, ఎందుకంటే చెవిని ముంచెత్తే హోరు తగ్గుతుంది. ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సగం దూర్చి వదిలేస్తే పనిచేయదు. హారన్ వినపడదేమో అని భయపడతారు. ప్లగ్గు హారన్‌నూ హోరునూ రెంటినీ తగ్గిస్తుంది కాబట్టి హైవే వేగంలో హారన్ మునిగిపోదు. ఊళ్లోకి వచ్చాక తీసేయండి, అక్కడ గాలి లేదు, అన్ని శబ్దాలూ కావాలి. పాట సౌండ్ అయితే బండి ఆగి ఉన్నప్పుడు పెట్టుకోవాలి. వేగంలో ఉన్నప్పుడు పెంచింది సిగ్నల్ దగ్గర ఆగగానే ఎంత గోలగా ఉంటుందో మీ చెవికే తెలుస్తుంది.

అపోహ: డబ్బా మీద కిలోమీటరు అని ఉంటే కిలోమీటరు అందాలి.

ఆ కిలోమీటరు రెండు బండ్ల హెడ్‌సెట్లు నేరుగా మాట్లాడుకునే ఇంటర్‌కామ్ దూరం, అదీ మధ్యలో అడ్డేమీ లేని చోటిది. గుత్తి దాటాక తిన్నగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద దానికి దగ్గరగా రావచ్చు. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాటులో మలుపు తిరిగి కొండ అడ్డం రాగానే ముందు బండి వంద మీటర్లలో ఉన్నా మాట తెగుతుంది. ఈ పరికరాలు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు రాతిని దాటలేవు. నీటిని కూడా సరిగా దాటలేవు. మన తలలో ఉన్నది చాలావరకు నీరే. యూనిట్ ఎడమ వైపు ఉంటుంది కాబట్టి మీ కుడి పక్కన వచ్చే మిత్రుడికి మీ తలే అడ్డం. 

దీనికి పూర్తి వ్యతిరేకంగా ఇంకో అపోహ ఉంది: ఫోన్‌కు సిగ్నల్ లేకపోతే ఇంటర్‌కామ్ కూడా పనిచేయదని. ఆత్మకూరు నుంచి దోర్నాల దాకా నల్లమలలో ఫోన్ చాలాచోట్ల మూగబోతుంది. ఇంటర్‌కామ్‌కు ఆ టవర్లతో పని లేదు, యూనిట్‌కు యూనిట్ నేరుగా మాట్లాడుకుంటాయి. అడవిలో పనికొచ్చేది అదే. ఫోన్ యాప్ ద్వారా నడిచే గ్రూప్ కాల్ మాత్రం డేటా లేకపోతే ఆగిపోతుంది. ఈ రెంటినీ కలిపి గందరగోళపడతారు. శ్రీశైలం బయలుదేరేముందే మ్యాపు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

నలుగురైదుగురు కలిసి పోయేటప్పుడు బ్లూటూత్ ఇంటర్‌కామ్ గొలుసులా ఉంటుంది. ఒకటో బండి రెండోదానితో, రెండోది మూడోదానితో. రెండోవాడు పెట్రోలు బంకులో ఆగిపోతే ఒకటోవాడికి వెనకవాళ్లెవరూ వినపడరు. అందుకే పెయిర్ చేసిన వరసలోనే బండ్లు నడవాలి. మెష్ రకంలో ఈ బాధ లేదు, ఎవరు తప్పుకున్నా మిగతావి వాటంతటవే కలుసుకుంటాయి. ఎప్పుడూ ఇద్దరే తిరిగేవాళ్లు మెష్ కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

అపోహ: అన్నీ బ్లూటూతే కదా, ఏ కంపెనీది ఏ కంపెనీతోనైనా కలుస్తుంది.

సేనా, కార్డో అనే రెండు కంపెనీల మెష్‌లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడవు. కలపాలంటే బ్లూటూత్ దారి ఒకటి ఉంది. ఒక యూనిట్‌ను యూనివర్సల్ ఇంటర్‌కామ్ పెయిరింగ్‌లో, రెండోదాన్ని ఫోన్ పెయిరింగ్‌లో పెట్టాలి. రెండోది మొదటిదాన్ని ఫోన్ అనుకుని కలుస్తుంది. అంటే దాని ఫోన్ చానళ్లలో ఒకటి అక్కడ ఖర్చయిపోతుంది. ఇంటర్‌కామ్ తెరిచి ఉండగా పాట పాత రేడియోలా వస్తే కంగారుపడకండి. మాట కోసం వాడే చానల్ పల్చటిది, స్పీకరు పాడవలేదు. మ్యాప్స్ చెప్పే దారిలో మొదటి మాట మింగేసినట్టు ఉండటమూ లోపం కాదు. నిద్రపోయిన ఆడియో లైను లేచేలోపు ఆ మాట దాటిపోతుంది. చిన్న సౌండులో పాట నడుస్తుంటే లైను మేలుకునే ఉంటుంది.

అపోహ: ఫాస్ట్ ఛార్జరు వల్ల బ్యాటరీ పోతుంది.

ఇక్కడ బ్యాటరీని చంపేది ఎండ. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో గాలే 43, 44 ఉంటుంది. అద్దానికి వేలాడదీసిన నల్ల హెల్మెట్ మీది యూనిట్ దానికంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే అరగంట నీడలో పెట్టాకే ఛార్జింగ్. బండి ఆపి లోపలికి పోయేటప్పుడు యూనిట్ క్లిప్పు నుంచి తీసి జేబులో వేసుకోండి. వాడకుండా నెలల తరబడి పెట్టాలంటే సగం ఛార్జింగ్‌తో పెట్టి, రెండు నెలలకోసారి చూడండి. పూర్తిగా అయిపోయిన బ్యాటరీతో అటక మీద పెట్టిన యూనిట్లు తిరిగి లేవకపోవచ్చు.

ఫాస్ట్ ఛార్జరైనా మొదట 5 వోల్టులే ఇస్తుంది, పరికరం అడిగితేనే పెంచుతుంది. అసలు చిక్కు వేరే. కొన్ని చవక యూనిట్లు రెండు వైపులా టైప్-సి ఉన్న కేబులుతో అసలు ఛార్జే కావు. యూనిట్ చచ్చిపోయిందనుకుంటారు. ఒకవైపు పాత వెడల్పాటి పిన్ను ఉన్న కేబులు పెట్టి చూడండి, లైటు వెలుగుతుంది.

వానకు తడిస్తే? డబ్బా మీద రాసే ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీటిలో అరగంట. సర్వీస్ సెంటర్‌లో వాటర్ జెట్టుకు అది వర్తించదు. రబ్బరు మూత మూసి ఉంటేనే ఆ లెక్క. తడి పోర్టుకు ఛార్జింగ్ పెట్టొద్దు, లోపలి పిన్నులు పచ్చబడిపోతాయి.

అపోహ: హెడ్‌సెట్ పెట్టుకుంటే 20 వేల జరిమానా. లేదా, హెడ్‌సెట్ ఉంటే పోలీసులు ఏమీ అనరు.

రెండూ తప్పే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బండి నడిపితే 20 వేలంటూ 2023లో వాట్సాప్‌లో తిరిగిన ప్రచారం అబద్ధమని ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖే చెప్పింది. అంతమాత్రాన ఫోన్, ఇయర్‌ఫోన్ వాడకానికి జరిమానాయే లేదని కాదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ 2019 సవరణ తర్వాత చేతిలో ఫోన్ పట్టుకుని వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గా చూస్తుంది. మొదటిసారికే వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, జైలు శిక్ష కూడా వేయవచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి దారి చూసుకోవడానికి మాత్రం, ధ్యాస చెదరకుండా వాడితే, వెసులుబాటు ఉంది. హెల్మెట్ హెడ్‌సెట్ చేతిలో పట్టుకునేది కాకపోయినా మాటల్లో పడి బండిని వంకరటింకరగా నడిపితే కేసు పెట్టొచ్చు. ఫోన్‌ను చెవికీ హెల్మెట్‌కూ మధ్య ఇరికించి మాట్లాడేవాళ్లు ఇంకా కనపడుతూనే ఉన్నారు. అది చట్టానికీ విరుద్ధమే, పడితే చెంప ఎముకకూ ప్రమాదమే.

చివరగా, పెయిరింగ్ మొండికేస్తే షాపుకు పరుగెత్తకండి. ఫోన్‌లో పాత పేరు డిలీట్ చేయండి, యూనిట్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. పక్కన ఉన్న మిగతా హెడ్‌సెట్లన్నీ ఆపేసి ఫోన్ ముందు, ఇంటర్‌కామ్ తర్వాత కలపండి. ఇదంతా ఇంటి దగ్గర, బయలుదేరే ముందు రోజు రాత్రి చేయాల్సిన పని.