దుంగ ఆరదు, పలక ఆరుతుంది: కోత మిల్లులో రోజూ వినే అపోహలు

పోయిన వారం మళ్లీ అదే కథ. ట్రాక్టర్ మీద నుంచి మూడు టేకు దుంగలు దించి, ఆయన అన్న మొదటి మాట: "మూడేళ్లు టార్పాలిన్ కప్పి ఉంచానండీ, బాగా ఆరిపోయాయి. కోసిచ్చేస్తే రేపే వడ్రంగిని పిలుస్తా." నేనేమీ అనలేదు. రెండో కోత పడగానే పలక తిప్పి, దాని నడిమధ్యన చెయ్యి పెట్టి చూడమన్నాను. చల్లగా తగిలింది. బ్లేడు కింద పడ్డ పొట్టు గుప్పెట్లో పట్టి నొక్కితే ఉండ కట్టింది. తేమ కొలిచే మీటర్ పెడితే చివరి జానెడులో 15 శాతం, మధ్యలో 34. తలుపుల పని ఆగిపోతుందని ఆయనకు అక్కడికక్కడే టెన్షన్ మొదలైంది. పాపం, ఆయన తప్పేం లేదు. "దుంగను ఏళ్ల తరబడి ఉంచితే దానంతటదే ఆరుతుంది" అని ఆయనకు చెప్పినవాళ్లు పదిమంది ఉంటారు. నాకు కోపం ఆ పదిమంది మీద.

ఈ ఒక్క అపోహ వల్ల పాడైనంత మంచి కలప పురుగు వల్ల కూడా పాడవ్వడం నేను చూడలేదు.

చెట్టులో నీళ్లు ఎక్కే సన్నటి గొట్టాలు వేర్ల నుంచి కొమ్మల దాకా నిలువుగా ఉంటాయి. నరికాక తేమ తేలిగ్గా బయటపడేది కూడా ఆ గొట్టాల నోళ్ల నుంచే, అంటే దుంగ రెండు చివర్ల నుంచి. పక్కలకు రావాలంటే గోడ తర్వాత గోడ దాటాలి, ఆపైన బెరడు మూతలా ఉంటుంది. చివర్ల నుంచి పోయే వేగం పక్కల నుంచి పోయేదానికి పది రెట్లు పైనే. అందుకే చివర్లు ముందు ఎండి బీటలు వారతాయి, నడుమ పచ్చిగానే ఉండిపోతుంది. ఆ బీటలు చూసి జనం "అదిగో, ఆరింది" అనుకుంటారు.

ఇంకో సంగతి. ఆరేటప్పుడు కలప అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. వలయాల వెంట తగ్గేది, నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదానికి దాదాపు రెట్టింపు. గుండ్రంగా ఉన్న దుంగకు ఆ తేడా సర్దుకునే దారి లేదు, పగలడం తప్ప. కాబట్టి దుంగగా ఎంతకాలం ఉంచితే పగుళ్లు అంత లోపలికి పోతాయి. ఈలోపు బెరడు కింద పురుగు తన పని తాను చేసుకుపోతుంటుంది.

అంగుళం మందానికి ఏడాది అని పాతవాళ్లు చెప్పే లెక్క ఉజ్జాయింపుగా పనికొస్తుంది. గాలి, ఎండ, కలప జాతిని బట్టి ముందూ వెనకా అవుతుంది. కానీ ఆ లెక్క మొదలయ్యేది పలక కోసిన రోజు నుంచి. చెట్టు కొట్టిన రోజు నుంచి లెక్కపెట్టుకుని వచ్చేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మిల్లు పెట్టిన రెండో ఏడు మా బావగారికి తలుపుల కోసం టేకు కోసిచ్చాను. దుంగ పాతదే కదా అని మీటర్ కూడా పెట్టలేదు. టేకు అసలు తక్కువ కుంచించుకునే కలప. అయినా అడుగు వెడల్పు పలక పచ్చిదనం నుంచి 12 శాతానికి దిగేసరికి, కోసిన తీరును బట్టి, సెంటీమీటర్ దాకా తగ్గగలదు. నాలుగు నెలలకి పలకల మధ్య వెలుతురు కనపడింది. పైన పెయింటు ఉంది కదా అంటారేమో, పెయింటు తేమ పోవడాన్ని నిదానం చేస్తుందే గానీ ఆపదు. ఇప్పటికీ నేను వెళ్లినప్పుడల్లా బావగారు ఆ సందులో ఒక నాణెం దూర్చి, అవతలి నుంచి తీసి, నా చేతిలో పెడతారు. ఒక్క మాట అనరు.

సరే, ఏం చేయాలి? చెట్టు పడ్డ రోజే రెండు చివర్లకూ చిక్కటి ఆయిల్ పెయింటో మైనమో పూయండి. వీలైనంత త్వరగా కోయించండి, నడిమి దవ్వ పలకలోకి రాకుండా చూడమని మిల్లువాడికి చెప్పండి. పలకల్ని నేలకి కనీసం అడుగు ఎత్తున, నీడలో, గాలి ఆడేచోట పేర్చండి. వరుసకీ వరుసకీ మధ్య అంగుళం మందం పొడి బద్దలు, రెండడుగులకొకటి. ఆ బద్దలు కింది నుంచి పై దాకా ఒకే నిలువు గీతలో ఉండాలి, ఒక్కటి పక్కకి జరిగినా పలక అక్కడ వంగుతుంది. పైన బరువు పెట్టండి. పైకప్పు ఉండాలి గానీ నాలుగు పక్కలా పట్టా చుట్టొద్దు. చుట్టారా, లోపల బూజు పెంచినట్టే.

మీటర్ లేకపోయినా ఫర్వాలేదు. చివర నుంచి అడుగు లోపలికి వచ్చి చిన్న ముక్క కోసి తూయండి. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగిపోయేదాకా ఉంచి మళ్లీ తూయండి. 260 గ్రాములది 200కి వచ్చిందనుకోండి, పోయిన 60ని 200తో భాగిస్తే 30 శాతం. దాదాపు ఆ 30 దాకా కలప కుంచించుకోవడం మొదలే కాదు. అందుకే మొదటి నెలల్లో "ఏమీ కాలేదు కదా" అనిపిస్తుంది. అసలు ఆట 30 కిందే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అమావాస్యకి కొడితే పురుగు పట్టదా? పురుగు చూసేది తెల్లచెక్కలో పిండిపదార్థం ఉందా లేదా అని, చంద్రుణ్ని కాదు. టేకైనా సరే, చేవ చుట్టూ ఉండే ఆ తెల్లచెక్కకి పురుగూ చెదా పడతాయి.

చెరువులో నానేస్తే మంచిదే, పగుళ్లు, పురుగు తగ్గుతాయి. కానీ నీళ్లలోంచి తీసిన కలప ఆరిన కలప ఎలా అవుతుందండీ?

"వేడిచేసిన కలప" అన్న ముద్ర ఉంటే ఆరినట్టు కాదు. చెక్క పెట్టెలు దేశాలు దాటేందుకు పెట్టిన ఐఎస్‌పీఎం 15 నియమం ప్రకారం లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలితే చాలు. దాంతో చచ్చేది పురుగు, తేమ పెద్దగా పోదు.

"మన చెట్టు పొట్టే కదా" అని మాస్కు లేకుండా నిలబడే కుర్రాళ్లకి: కలప ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ. మాస్కు పెట్టుకోండి.

ఇక "ఇంత లావు దుంగకి పలకలు ఇన్నేనా, మిగతాది ఏం చేశావు?" అన్నది. గుండ్రటి దాంట్లోంచి పలకలు తీస్తే నాలుగు పక్కలా బెరడు చెక్కలు పోతాయి, ప్రతి కోతకీ బ్యాండ్ రంపమైతే రెండు మూడు మిల్లీమీటర్లు పొట్టు అవుతుంది, చక్రం రంపమైతే దానికి రెట్టింపు. సగం పైన చేతికొస్తే మంచి దుంగ అన్నట్టు. అనుమానం ఉంటే పక్కన నిలబడి చూడండి, నాకేం అభ్యంతరం లేదు. బెరడు చెక్కలు మీవే, పట్టుకెళ్లండి.

పెరట్లో చెట్టు తెచ్చినప్పుడు మాత్రం దయచేసి నిజం చెప్పండి. చిన్నప్పుడు ఉయ్యాల కట్టిన మేకు, బట్టల తీగకి కొట్టిన కొక్కెం, అన్నీ చెట్టు మింగేసి పైకి ఏమీ కనపడనివ్వదు. టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువున్న కలపైతే కోసినప్పుడు నల్లనీలం మచ్చ బయటపడుతుంది, ఇనుము పక్కనే ఉందని అర్థం. మచ్చ కనపడేసరికి చాలాసార్లు బ్లేడు దాన్ని తాకేసే ఉంటుంది. అలా దొరికినవి ఒక డబ్బాలో వేస్తున్నాను. ఓ పెద్దావిడ ఆ డబ్బా చూసి, తన దుంగలోంచి వచ్చిన మేకు అడిగి తీసుకెళ్లారు. వాళ్లాయన కొట్టిందట.