సరిచేయగలిగీ సరిచేయని బగ్: ఈ కోపం ఎక్కడ మొదలైంది

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో ఉండే తెలుగు కుర్రాళ్లు కొంతకాలంగా ఒక మొబైల్ షూటింగ్ గేమ్ మీద గుర్రుగా ఉన్నారు. ఆట మధ్యలో ఫోన్ కాల్ వస్తే, అది కట్ చేసి తిరిగి వచ్చేసరికి గేమ్‌లో శబ్దం పోతుంది. బొమ్మ కదులుతుంది, తుపాకి పేలుతుంది, చెవికి మాత్రం ఏమీ వినపడదు. ఇలాంటి ఆటల్లో ఎదుటివాడి అడుగుల చప్పుడే సగం ఆట. ఏ గదిలో ఉన్నాడో, మెట్లెక్కుతున్నాడో, గోడ పక్కన నక్కాడో చెవితోనే పసిగట్టాలి. గేమ్ మూసి మళ్లీ తెరిస్తే శబ్దం వస్తుంది గానీ, ఈలోపు మనవాడి పని అయిపోతుంది. రాత్రి తొమ్మిదిన్నరకి, సరిగ్గా ర్యాంక్ మ్యాచ్ నడుస్తున్నప్పుడే, ఒంగోలు నుంచో అనంతపురం నుంచో "తిన్నావా నాన్నా" అని అమ్మ ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే అదో టెన్షన్.

సీజన్లు మారాయి. కొత్త డ్రెస్సులు, తుపాకులకు కొత్త రంగులు, పండగ ఆఫర్లు వచ్చాయి. ఈ బగ్, అంటే ప్రోగ్రామ్‌లోని తప్పు, మాత్రం కదల్లేదు. కంప్లయింట్ పెట్టినవాళ్లకు "మీ సమస్యను సంబంధిత టీమ్‌కు తెలియజేశాం" అన్న జవాబే వస్తోంది. "షాపు తెరవడానికి ఉన్న తీరిక సౌండ్ సరిచేయడానికి లేదురా మామా" అని స్క్వాడ్‌లో అనుకోవడం మామూలైపోయింది.

బయటివాళ్లకు ఇది చిన్నపిల్లల గొడవలా కనిపిస్తుంది. కానీ దీనికి ముప్ఫై ఏళ్లకు దగ్గరగా చరిత్ర ఉంది. అంతకుముందు కూడా ఆటల్లో బగ్‌లు బోలెడు ఉండేవి. వాటి మీద ఎవరూ ఇంతగా మండిపడలేదు.

1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌నే తీసుకోండి. లెవెల్ లెక్క కోసం ఆ మెషీన్ ఒకే ఒక్క బైట్ వాడేది. దాంట్లో పట్టే పెద్ద అంకె 255. ఎవరైనా పట్టుబట్టి 256వ లెవెల్ దాకా వెళితే, తెర కుడి సగం అర్థంలేని అక్షరాలతో, ముక్కలైన బొమ్మలతో నిండిపోయేది. ఆ లెవెల్ దాటడం కుదరదు. ప్రోగ్రామ్ చిప్‌లో ఉంది, చిప్ మెషీన్‌లో ఉంది, మెషీన్లు ప్రపంచమంతా అమ్ముడుపోయి ఉన్నాయి. సరిచేసే దారే లేదు. కాబట్టి ఆడేవాళ్లు దాన్నే ఆట ముగింపు అనుకున్నారు, అక్కడికి చేరడమే గొప్ప అనుకున్నారు. కొన్ని తప్పులైతే ఆటకే ప్రాణం పోశాయి. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా కదులుతారు. గీయాల్సిన బొమ్మలు తగ్గితే చిప్ మీద భారం తగ్గి అలా జరిగేది. అది బాగుందని అలాగే ఉంచేశారు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో దెబ్బ వెంట దెబ్బ కలిపి కొట్టే కాంబోలు కూడా అనుకోకుండా పుట్టినవే.

మన ఊళ్లలోనూ అంతే. రూపాయి బిళ్ల వేసి ఆడే వీడియో గేమ్ షాపులో బొమ్మ ఇరుక్కుపోతే షాపువాడు మెషీన్‌ను ఆపి మళ్లీ వేసేవాడు. టీవీకి తగిలించే గేముల రోజుల్లో క్యాసెట్ బయటికి తీసి, ఉఫ్ అని ఊది, మళ్లీ పెట్టేవాళ్లం. ఆ గేమ్ చేసిన కంపెనీని తిట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అసలు కంపెనీ పేరు ఎవరికి తెలుసు?

ఇంటర్నెట్ వచ్చాక కథ మారింది. 1997 సెప్టెంబరులో అమెరికాలో అల్టిమా ఆన్‌లైన్ మొదలైంది. వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే ఆట, నెలకు పది డాలర్ల లోపు చందా. ఆ ఆటను తయారుచేసిన రిచర్డ్ గారియట్ అందులో లార్డ్ బ్రిటిష్ అనే రాజు. విడుదలకు ముందు, ఆగస్టులో జరిగిన ట్రయల్ సమయంలో సర్వర్ పడిపోయి మళ్లీ లేచింది. రాజుకు చావు లేకుండా చేసే సెట్టింగ్ తిరిగి ఆన్ చేయడం మరిచిపోయారు. గుంపులో ఒకడు నిప్పు మంత్రం విసిరితే రాజుగారు అక్కడికక్కడే పోయారు. ఆ సంఘటన చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఆట విడుదలయ్యాక వచ్చిన ల్యాగ్ (ఆట ఆగి ఆగి నడవడం), క్రాష్‌లు (ఉన్నట్టుండి ఆగిపోవడం), మాయమైపోయే వస్తువుల సంగతి అలా లేదు. ఆటగాళ్లు తమ పాత్రల బట్టలు విప్పేసి రాజు కోటలోకి గుంపుగా చొరబడి నిరసన తెలిపారు. 1998లో కొందరు ఏకంగా కోర్టుకు వెళ్లారు.

నా లెక్కలో ఈ కోపం పుట్టింది ఇక్కడే. అప్పటిదాకా గేమ్ అంటే కొని తెచ్చుకున్న వస్తువు. ఇప్పుడు నెలనెలా డబ్బు కట్టే సేవ. పైగా, కంపెనీ తలుచుకుంటే రేపే మార్చగలదు. మార్చగలిగీ మార్చలేదంటే, ఎవరో కూర్చుని "దీన్ని ఇప్పుడు ముట్టుకోవద్దు" అని నిర్ణయించారన్న మాట. మెషీన్ మీద రాని కోపం ఆ నిర్ణయం మీద వస్తుంది.

ఆ నిర్ణయానికి కారణాలు లేకపోలేదు. మారతహళ్లిలో తిట్టుకుంటున్న కుర్రాళ్లలో సగంమంది పగలు చేసే ఉద్యోగమే అది. బగ్‌లను నమోదు చేసే జీరా అనే సాఫ్ట్‌వేర్‌లో టికెట్ తెరవడం, దానికి సివియారిటీ (తీవ్రత) ఎంత, ప్రయారిటీ ఎంత అని వాదించుకోవడం, "మా దగ్గర రావడం లేదు" అని తిప్పి పంపడం, చివరికి బ్యాక్‌లాగ్‌లో, అంటే తర్వాత చూద్దామనుకునే పనుల జాబితాలో పడేయడం. బెంగళూరుకు గేమ్‌ల పని కూడా కొత్త కాదు. ధ్రువ ఇంటరాక్టివ్ 1997లోనే ఇక్కడ మొదలైంది, 2019లో దాన్ని రాక్‌స్టార్ గేమ్స్ కొనుక్కుంది. మరో గేమ్ కంపెనీ జింగా 2010లో ఇక్కడ ఆఫీసు తెరిచింది. పగలు పక్కవాడి బగ్‌ను "నెక్స్ట్ స్ప్రింట్‌లో చూద్దాం" అన్నవాడే రాత్రి తన బగ్ గురించి అదే మాట వింటే పళ్లు కొరుకుతాడు. నవ్వొస్తుంది గానీ, ఈ ఆటగాళ్ల కోపంలో అవగాహన ఉండడానికి కారణం కూడా అదే.

కాల్ వచ్చాక శబ్దం పోయే బగ్ ఎలా పుడుతుందో వాళ్లే చెప్పగలరు. ఆండ్రాయిడ్‌లో ఆడియో ఫోకస్ అని ఒకటుంది. కాల్ రాగానే ఫోన్ ఆ హక్కును గేమ్ నుంచి లాక్కుని కాల్‌కు ఇస్తుంది. కాల్ అయిపోయాక గేమ్ దాన్ని తిరిగి అందుకుని శబ్దం మొదలుపెట్టాలి. ఆ ఒక్క మెట్టు తప్పితే మిగిలేది నిశ్శబ్దమే. ఒక్కో కంపెనీ ఆండ్రాయిడ్‌ను తనకు నచ్చినట్టు మార్చుకుంటుంది కాబట్టి, కొన్ని మోడళ్లలో వచ్చి కొన్నింటిలో రాకపోవచ్చు. అలాంటి బగ్ టెస్టర్ ముందు కనిపించదు, కనిపించనిది జాబితాలో కిందికి జారుతుంది.

సరిచేయబోతే ఇంకేదో చెడుతుందన్న భయం కూడా ఉత్త సాకు కాదు. ఐస్‌లాండ్ కంపెనీ నడిపే ఈవ్ ఆన్‌లైన్ 2007 డిసెంబరులో ఒక పెద్ద అప్‌డేట్ ఇచ్చింది. గేమ్ ఫోల్డర్‌లోని ఒక పాత ఫైల్‌ను అది చెరిపేయాలి. ఆ ఫైల్ పేరు, విండోస్ ఎక్స్‌పీ మొదలవడానికి అవసరమైన ఫైల్ పేరు ఒక్కటే: బూట్.ఇని. అప్‌డేట్ పొరపాటున విండోస్ ఫైల్‌ను చెరిపేసింది. కొంతమంది కంప్యూటర్లు మళ్లీ ఆన్ కాలేదు.

ఇన్ని చెప్పినా, "కష్టం కాబట్టి ఆలస్యం" అన్న వాదనకు గట్టి దెబ్బ తగిలింది 2021లో. రాక్‌స్టార్ వాళ్ల జీటీఏ ఆన్‌లైన్ 2013 అక్టోబరులో వచ్చింది, కంప్యూటర్ల మీదకు 2015లో చేరింది. కంప్యూటర్ మీద అది తెరుచుకోవడానికి కొందరికి ఐదారు నిమిషాలు పట్టేది. దాదాపు ఆరేళ్లపాటు జనం తిట్టుకుంటూనే ఎదురుచూశారు. ఎవరికి వారు తమ కంప్యూటర్ పాతదనో, నెట్ నెమ్మదనో సర్దిచెప్పుకున్నారు. చివరికి బయటి ప్రోగ్రామర్ ఒకరు, సోర్స్ కోడ్ (కంపెనీ రాసుకున్న అసలు ప్రోగ్రామ్) చేతిలో లేకుండానే, లోపల ఏం జరుగుతోందో విప్పి చూశారు. దొరికినవి రెండు తప్పులు.

గేమ్‌లో కొనుక్కోగల వస్తువుల జాబితా ఒకటి ఉంది. దాదాపు 10 మెగాబైట్ల ఫైల్, అందులో సుమారు 63 వేల వస్తువులు. దాన్ని చదివే పద్ధతి ఎలా ఉందంటే, పెళ్లి చదివింపుల పుస్తకంలో ఒక్కో పేరు చదివే ముందు ప్రతిసారీ అక్కడినుంచి చివరి పేజీ దాకా ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టినట్టు. రెండో తప్పు అంతకన్నా విచిత్రం. ఒక్కో వస్తువును జాబితాలో చేర్చే ముందు, అది ముందే ఉందేమోనని అప్పటిదాకా చేర్చిన వాటన్నిటితో పోల్చి చూసేది. మొత్తం కలిపితే సుమారు 198 కోట్ల పోలికలు. జాబితాలో రెండుసార్లు వచ్చే వస్తువే లేనప్పుడు ఈ పరీక్షతో పనే లేదు. ఆ ప్రోగ్రామర్ రెండు తప్పులనూ తన కంప్యూటర్‌లో దాటవేస్తే, ఆరు నిమిషాల లోడింగ్ రెండు నిమిషాల లోపుకు దిగింది. ఆయన వివరాలు బయటపెట్టిన కొద్ది వారాల్లోనే, 2021 మార్చిలో, రాక్‌స్టార్ ఆ మార్పును అప్‌డేట్‌గా ఇచ్చింది, ఆయనకు 10 వేల డాలర్ల బహుమతి కూడా ఇచ్చింది.

కంపెనీ చేసిన ఆ పని మెచ్చుకోదగ్గదే. కానీ ఆటగాళ్ల మనసులో మరో లెక్క మిగిలిపోయింది. ఒక బయటి మనిషి, చేతిలో కోడ్ లేకుండా పట్టుకోగలిగినదాన్ని లోపలివాళ్లు దాదాపు ఆరేళ్లు ఎందుకు వెతకలేదు? అప్పటినుంచి "ఇది చాలా క్లిష్టమైన సమస్య" అని ఏ కంపెనీ చెప్పినా ఆటగాడు సగమే నమ్ముతున్నాడు. ఇంకో చికాకు ఏమిటంటే, ఆ ఆలస్యానికి మూలమైన ఫైల్ దుకాణం జాబితా.

కొన్ని బగ్‌లు ఇంకో కారణంగా బతుకుతాయి. తెలిసినవాడికి లాభం ఉంటే వాడు నోరు మెదపడు. వాల్వ్ కంపెనీ షూటింగ్ గేమ్ కౌంటర్ స్ట్రైక్‌లో జట్ల కోచ్‌లకు ఉపయోగపడిన ఒక బగ్ 2020లో బయటపడింది. కోచ్ చూసే కెమెరా మ్యాప్‌లో ఒకచోట ఇరుక్కుపోయి, ఎదుటి జట్టు కదలికలు కనిపించేవి. పాత మ్యాచ్‌ల రికార్డింగులు తిరగేసి, ఈ-స్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీలు) నిజాయితీని పర్యవేక్షించే సంస్థ ఆ ఏడాది సెప్టెంబరులో 37 మంది కోచ్‌లపై నిషేధాలు ప్రకటించింది. వాల్వ్‌కు చెన్నైలోనూ సర్వర్లు ఉండడంతో బెంగళూరు కుర్రాళ్లకు ఈ ఆటలో పింగ్ (సర్వర్ నుంచి జవాబు వచ్చే వేగం) బాగానే ఉంటుంది, అందుకే ఆ గొడవ ఇక్కడి గదుల్లో కూడా బాగా నలిగింది.

వాల్వ్‌దే మరో ఆట టీమ్ ఫోర్ట్రెస్ 2. 2007లో వచ్చింది, 2011లో ఉచితం చేశారు. బాట్‌లు (మనుషుల బదులు ఆడే ప్రోగ్రామ్‌లు) మ్యాచ్‌లను ముంచెత్తుతుంటే 2022 మేలో ఆటగాళ్లు ఒక్కసారిగా గొంతెత్తారు. "మీ మాట విన్నాం" అని కంపెనీ ప్రకటించింది. రెండేళ్ల తర్వాత, 2024 జూన్‌లో, అదే జనం అదే విషయం మీద మళ్లీ రోడ్డెక్కాల్సి వచ్చింది. అప్పుడు గానీ బాట్‌ల ఏరివేత పెద్ద ఎత్తున జరగలేదు. పబ్‌జీ మాత్రం 2018 ఆగస్టులో తన తప్పులు తానే ఒప్పుకుని, వాటిని సరిచేయడానికే కొన్ని నెలలు కేటాయిస్తున్నట్టు బహిరంగంగా చెప్పింది. జాబితా పెట్టింది, ఏది అయిందో ఏది కాలేదో చూపించింది. అన్నీ బాగుపడ్డాయని కాదు. కానీ జనం అడిగిందే అది.

మన దేశంలో ఈ గొంతు బలంగా లేవకపోవడానికి వేరే కారణం ఉంది. పబ్‌జీ మొబైల్ 2018లో ఇంటింటికీ చేరింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం దాన్ని నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐగా తిరిగొచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో మళ్లీ కనిపించింది. అసలు ఆట ఉంటుందో ఊడుతుందో తెలియనప్పుడు బగ్ గురించి అడిగే ధైర్యం ఎవరికి? "ముందు ఆడనివ్వండి చాలు" అన్న తత్వం అప్పుడు అలవాటైంది.

చట్టం వైపు చూస్తే పెద్దగా ఊతం లేదు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. అది బగ్‌ల కోసం చేసిన చట్టం కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపం గురించి మాట్లాడుతుంది గానీ, ఉచితంగా ఇచ్చే సేవను నిర్వచనంలోనే పక్కన పెట్టింది. మన షూటింగ్ గేమ్ ఉచితం. సీజన్ పాస్‌కు మాత్రం డబ్బు కట్టాం. కాబట్టి ఎవరైనా ఫిర్యాదు దాకా వెళ్తే, వాదన శబ్దం చుట్టూ కాకుండా ఆ పాస్ చుట్టూ నడిపించుకోవాలి. దానికి ముందు ఆ పాస్ రసీదును మెయిల్‌లోని ప్రమోషన్ల గుట్టలోంచి తవ్వి తీయాలి. మనవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.