పాత బోటు ఇంజను ఆగిపోతే ముందు ఎక్కడ చూడాలి

పిల్లలకు ఆశీస్సులు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇంజనుకు పని ఉండదు. కానీ ట్యాంకులో మిగిలిన డీజిల్ పాడవుతూనే ఉంటుంది. అందుకే నిషేధానికి ముందు బాగా నడిచిన పాత ఇంజన్లు, వేట మొదలయ్యాక తడబడతాయి, ఉన్నట్టుండి ఆగిపోతాయి. వెంటనే ఇంజక్షన్ పంపు, అంటే డీజిల్‌ను గట్టి ఒత్తిడితో సిలిండర్లకు పంపే పంపు, విప్పేద్దామంటారు చాలామంది. మీలో డీజిల్ మెకానిక్ పని నేర్చుకునేవాళ్లు, నాన్నతో బోటెక్కేవాళ్లు ఉన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను, పంపు జోలికి చిట్టచివరే వెళ్లాలి. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి డీజిల్ వచ్చే దారిలోనే చూసుకుంటూ రండి.

ట్యాంకు సగం ఖాళీగా ఉంటే, పైనున్న గాలిలోని తేమ రాత్రి చల్లదనానికి గోడలకు పట్టి అడుక్కి జారుతుంది. డీజిల్ నీళ్లకంటే తేలిక కాబట్టి పైన తేలుతుంది. ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. డీజిల్ పీల్చే గొట్టం ట్యాంకు అడుగును తాకదు. అందుకే జెట్టీ దగ్గర ఇంజను ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు బోటును ఎత్తి కుదిపేసరికి అడుగున ఉన్నదంతా లేచి ఫిల్టరులోకి పోతుంది. ఇంజను ఆగడానికి అంతకంటే ప్రమాదకరమైన చోటు లేదు. కింద ఇసుక మేట, చుట్టూ విరిగే అలలు.

కాబట్టి బయలుదేరకముందే ట్యాంకు అడుగు నుంచి, ఫిల్టరు గిన్నె నుంచి కొంచెం డీజిల్‌ను గాజు సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున విడిగా గీత గీసినట్టు కనిపిస్తాయి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా అడుగు నుంచి బయటికి తీసేయండి. నల్లటి జిగురు కనిపిస్తే మాత్రం అలా తీసేయడం చాలదు, ట్యాంకు ఖాళీ చేసి కడగాలి, ఫిల్టర్లు మార్చాలి. నిషేధానికి ముందే ట్యాంకు నింపి పెడితే తేమకు చోటుండదు. రెండు నెలలు అంత డబ్బు ట్యాంకులో ఇరుక్కుపోవడం చిన్న బోటు యజమానికి భారమే. నింపలేకపోతే ఈ సీసా పరీక్షైనా మానకండి.

ఇంజను కాసేపు బాగా నడిచి ఆగి, కొంతసేపు వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతోందా? ట్యాంకు మూత వదులు చేసి చూడండి. అప్పుడు సరిగ్గా నడిస్తే ట్యాంకులోకి గాలి వెళ్లే గొట్టం మూసుకుపోయినట్టే. ఉప్పు, తుప్పు, ఒక్కోసారి పురుగుల గూడు కూడా అడ్డుపడతాయి.

అందరినీ మోసం చేసేది గాలి. ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగి ఇంజనుకు అందించే చిన్న పంపు ఫీడ్ పంపు. ట్యాంకు నుంచి దాని దాకా ఉన్న గొట్టంలో డీజిల్‌ను అది లాగుతుంది, తోయదు. కాబట్టి అక్కడ పగులుంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. గొట్టం పొడిగా ఉంది కదా అని నమ్మకండి. పాత రబ్బరు గొట్టమైతే పైకి బాగున్నా లోపలి పొర ఊడి దారి మూసేస్తుంది. ఇవన్నీ తేల్చడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. శుభ్రమైన డబ్బాలో మంచి డీజిల్ పోసి ఇంజనుకంటే ఎత్తులో పెట్టి, కొత్త గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకి ఇవ్వండి. ఇంజను చక్కగా నడిస్తే లోపం చాలావరకు ట్యాంకులోనో, అక్కడి నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న దారిలోనో ఉంది. నడవకపోతే ముందుకు వెళ్లండి.

ఆ తర్వాత లైనులో చేరిన గాలి తీయాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతూ ఉండండి. బుడగలు ఆగి డీజిల్ ధారగా వస్తున్నప్పుడే బిగించండి. ఇంజక్షన్ పంపు స్క్రూ దగ్గరా అలాగే చేయండి. తర్వాత ఇంజను తిప్పుతూ సైలెన్సర్ వైపు చూడండి. పొగే రాకపోతే సిలిండర్‌కి డీజిల్ అందడం లేదు. తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ అందుతోంది కానీ మండటం లేదు, అప్పుడు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి), టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) కూడా చూడాలి.

సిలిండర్‌లోకి డీజిల్‌ను తుంపరగా కొట్టేది నాజిల్. దాని నుంచి చిమ్మే డీజిల్‌కి మాత్రం చేయి అడ్డం పెట్టకండి. మామూలు గాలి ఒత్తిడికి వంద రెట్లకు మించిన ఒత్తిడితో వచ్చే ఆ తుంపర చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండ పాడైపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి.

ఇవన్నీ చూశాక కూడా ఇంజను అందుకోకపోతే, అప్పుడు ఇంజక్షన్ పంపు, నాజిళ్లు ఊడదీసి కాలిబ్రేషన్ చేసే, అంటే వాటి కొలత, ఒత్తిడి సరిచేసే షాపుకి పంపండి. బోటు మీద వాటి లోపలి భాగాలు విప్పితే చిన్న ఉప్పు రేణువు చాలు, పాడైపోవడానికి.

మీ
తాతయ్య