గొంతు బొంగురుపోతే: ఏది సర్ది, ఏది కాదు

సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతర అయిన వారం ఓపీలో మాటల కంటే సైగలే ఎక్కువ. "ఓ లింగా ఓ లింగా" అని రాత్రంతా అరిచి వచ్చినవాళ్ల గొంతు గురించి నాకు పెద్ద టెన్షన్ ఉండదు. నీళ్లు బాగా తాగి, మాట తగ్గిస్తే కొన్ని రోజుల్లో దారికొస్తుంది. ఏ జాతరకూ పోకుండా, ఏ సర్దీ పట్టకుండా మెల్లగా మారిపోయిన గొంతును చూస్తేనే భయం.

అపోహ: సర్దే కదా, అదే పోతుంది.

సగం నిజం. వైరస్ వల్ల స్వరతంత్రులు (గొంతులో కంపించి మాట పుట్టించే రెండు పొరలు) వాచి గొంతు పోతే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. మూడు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం చెవి ముక్కు గొంతు డాక్టర్ లోపలికి చూడాల్సిందే. చిక్కంతా లెక్క దగ్గరే. "ఎప్పటి నుంచి?" అంటే "మొన్నటి నుంచే సారూ" అంటాడు పెద్దాయన. పక్కనున్న భార్య ఊరుకోదు: "మొన్నెక్కడిది, బతుకమ్మ పండుగప్పటి నుంచి గిట్లనే ఉన్నది." అప్పటికి సంక్రాంతి కూడా దాటిపోయి ఉంటుంది. మన గొంతు మారిన సంగతి మన కంటే ఇంట్లోవాళ్లకే ముందు తెలుస్తుంది. అందుకే ఒంటరిగా రావద్దంటాను.

మూడు వారాలు కూడా ఆగకూడని సందర్భాలున్నాయి. ఊపిరి తీస్తుంటే చప్పుడు రావడం, ఉమ్మిలో రక్తం, ముద్ద దిగకపోవడం, మెడలో గడ్డ, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు మారడం. ఆయాసం ఉంటే ఓపీ కోసం తెల్లారేదాకా చూడకండి, అత్యవసర విభాగానికి పొండి.

అపోహ: నొప్పి లేదు కాబట్టి పెద్ద జబ్బేమీ కాదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టే మాట ఇదే. స్వరతంత్రి మీద మొదలయ్యే క్యాన్సర్ తొలి దశలో నొప్పి పెట్టదు. మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకు వందకు పైగా, ఆడవాళ్లవి రెండు వందల దాకా కంపిస్తాయి. ఆ అంచున బియ్యపు గింజంత గరుకు ఏర్పడినా గొంతు మారుతుంది. అంటే ముందే కబురు అందుతోంది. అప్పుడే వస్తే రేడియేషన్ ఒక్కదానితోనో లేజర్‌తోనో చాలామందికి నయమవుతుంది, గొంతూ నిలుస్తుంది. నెలలు గడిపి వస్తే స్వరతంత్రులుండే స్వరపేటికనే తీసేయాల్సి రావచ్చు.

బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవాళ్లకు ముప్పు ఎక్కువ, మందు కూడా తోడైతే ఇంకా ఎక్కువ. "బీడీ తాగేటోళ్ల గొంతు గట్లనే ఉంటది" అని ఇంటిల్లిపాదీ సర్దుకుపోతారు. సరిగ్గా వాళ్ల గొంతునే ముందు చూడాలి. చెవి లోపల శుభ్రంగా ఉన్నా నొప్పి ఒకవైపే పోటు పెడుతుంటే, అది గొంతు నుంచి వస్తున్న నొప్పి కావచ్చు. నరాల దారి ఒకటే.

అపోహ: ఒక సూది వేయించుకుంటే గొంతు తెరుచుకుంటుంది.

తెరుచుకుంటుంది, నాలుగు రోజులు. ఊళ్లో వేసే ఆ సూదిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. వాపు దిగి గొంతు బాగైనట్టు అనిపిస్తుంది, అసలు జబ్బు లోపలే ఉంటుంది. షుగర్ ఉంటే పెరుగుతుంది, లోపల టీబీ ఉంటే ముదురుతుంది. ఇక వైరస్ మీద యాంటీబయోటిక్ పనిచేయదు.

కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, మిరియాల కషాయం గురించీ అడుగుతారు. గొంతు తడిగా ఉంటుంది, హాయిగా ఉంటుంది, అంతే. మనం మింగేది ఆహారనాళంలోకి పోతుంది, స్వరతంత్రులకు తగలదు. తగిలితే పొరబోతుంది! ఎసిడిటీ ఉన్నవాళ్లకు ఆ కారం మంటను పెంచుతుంది.

అపోహ: గొంతు పోయిందంటే జబ్బు గొంతులోనే ఉంటుంది.

ఎడమ స్వరతంత్రిని కదిలించే నరం ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమనిని చుట్టి మళ్లీ పైకొస్తుంది. ఊపిరితిత్తిలోని కణితి ఆ దారిలో నొక్కినా మాట బొంగురుపోతుంది. "గొంతుకు ఛాతీ ఎక్స్‌రే ఎందుకు?" అనేవాళ్లకు ఇదే జవాబు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కూడా ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి. సర్కారు దవాఖానలో టీబీ పరీక్షా మందులూ ఉచితం.

టీచర్లకు, కూరగాయలమ్మేవాళ్లకు, ఒగ్గు కథ చెప్పేవాళ్లకు అరిచి అరిచి స్వరతంత్రుల మీద చిన్న బుడిపెలు వస్తాయి. ఇవి క్యాన్సర్ కావు. చాలావరకు స్వర శిక్షణతోనే తగ్గుతాయి. గొంతుకు విశ్రాంతి అని బిగబట్టి గుసగుసలాడితే ఇంకా ఒత్తిడి పడుతుంది. నెమ్మదిగా మామూలుగా మాట్లాడటమే మేలు.

చిన్నపిల్లల విషయం వేరు. పల్లీలు తింటూ పొలమారి, ఆ తర్వాత గొంతు మారినా, ఊపిరిలో ఈల వినిపించినా గింజ శ్వాసనాళంలో ఇరుక్కుందేమో చూడాలి. దగ్గు ఆగింది కదా అని ఇంట్లో కూర్చోవద్దు. వేలు పెట్టి తీయబోవద్దు.

అపోహ: పరీక్షకు (బయాప్సీ) గొంతులోంచి ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది.

పాకదు. గొంతులో టీబీ పుండూ క్యాన్సర్ పుండూ కొన్నిసార్లు కంటికి ఒకేలా కనిపిస్తాయి. ముక్క పరీక్షకు పంపకుండా ఏ మందు మొదలుపెట్టాలి?

గొంతు చూడటం మాత్రం ఆపరేషనేమీ కాదు. మొద్దుబారే స్ప్రే కొట్టి, సన్నని కెమెరా గొట్టం ముక్కులోంచి పంపి "ఈ..." అనమంటాం. ఐదు నిమిషాల పని. పరీక్షయ్యాక గంటసేపు చాయ్ కూడా తాగకండి, మొద్దు వదలకముందే తాగితే పొరబోతుంది.