వయోజన విద్య: చదువు నేర్చుకుంటే పింఛను పోదు

చదువు రాని పెద్దలకు అక్షరాలు నేర్పే కేంద్ర పథకం ఉల్లాస్. దాని సర్వేకి ఏ ఊరు వెళ్లినా ముందు వినపడేది ఇదే: "ఆధార్ ఎందుకండీ? చదువొచ్చిందని రాసుకుని పింఛను తీసేస్తారంట కదా?"

తీసెయ్యరు. ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛనుకు వయసు, వైధవ్యం, వైకల్యం, ఇంటి ఆదాయం, భూమి లాంటివి చూస్తారు. రేషన్ కార్డుకూ చదువుతో పని లేదు. ఉపాధి పనికి పద్దెనిమిదేళ్లు నిండి, ఒళ్లు వంచి పని చేస్తానంటే చాలు. ఎక్కడా చదువు రాకూడదన్న షరతు లేదు. రచ్చబండ మీద కూర్చుని ఈ పుకారు పుట్టించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నమ్మిన అవ్వను మాత్రం ఏమీ అనలేను. ఆ నాలుగు వేలతోనే బీపీ బిళ్లలు కొనుక్కునే మనిషికి టెన్షన్ ఉండదా?

ఆ భయం ఖరీదు చూశాను. ఒక డ్వాక్రా అక్క పేరు రాయించుకోనంటే రాయించుకోనంది. బ్యాంకులో ఫారం ఎవరో నింపితే వేలిముద్ర వేసేది. పక్కింటి పెద్దమ్మకు ఉల్లాస్ పరీక్ష రాశాక కూడా ఒకటో తారీఖున పింఛను రావడం చూసి, అప్పుడు పలక పట్టింది. అంకెలు వచ్చాక ఒక సాయంత్రం పాస్‌బుక్ తెచ్చింది. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదువుతూ ఒక వరుస దగ్గర ఆగిపోయింది. "నా చేతికిచ్చింది రెండు వేలు సార్, ఇక్కడ రెండు వేల ఐదు వందలుంది."

ఇక పరీక్ష భయం. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కులు, అంతా తెలుగులోనే. తప్పితే మళ్లీ రాయొచ్చు.

ఉల్లాస్‌లో చదువు చెప్పే వాలంటీర్లకు జీతం వస్తుందన్నదీ అపోహే. ఇంతకుముందు నడిచిన వయోజన విద్యా పథకం సాక్షర భారత్‌లో గ్రామ సమన్వయకర్తలకు నెలకు 2,000 గౌరవ వేతనం ఉండేది, అది 2018లో ముగిసింది. ఇప్పుడు చెప్పేవాళ్లు స్వచ్ఛందంగానే చెప్పాలి.

"ఈ వయసులో అక్షరాలెందుకు" అనేవాళ్లు నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేసుకోండి. రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది.

కొత్తగా చేరే వాలంటీర్లకు ఒక మాట. మొదటి రోజు అ, ఆలు తర్వాత. ముందు పింఛను సంగతి చెప్పండి. వీలైతే పరీక్ష రాసి పింఛను అందుకుంటున్న ఆ ఊరి మనిషి చేతే చెప్పించండి.