మిర్యాలగూడ నుంచి మనీలా దాకా: ఎగుమతి నిధుల వెనుక కథ

2025 ఉగాది నాడు, మార్చి 30న, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డులకు సన్న బియ్యం ఇచ్చే పథకం మొదలుపెట్టారు. తెల్లారే, హుజూర్‌నగర్ ఎమ్మెల్యే కూడా అయిన పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్‌కుమార్‌రెడ్డి కాకినాడ రేవులో ఒక ఓడకు జెండా ఊపారు. అందులో ఫిలిప్పీన్స్ వెళ్లే 12,500 టన్నుల ఎంటీయూ 1010 రకం బియ్యం ఉన్నాయి. మొత్తం 8 లక్షల టన్నుల ఒప్పందంలో అది తొలి విడత అన్నారు.

ఈ రెండు వార్తలనూ కలిపి చదవాలి. 2024 వానాకాలంలో తెలంగాణలో 153 లక్షల టన్నుల వడ్లు పండాయి. రేషన్ షాపులో సన్నం ఇస్తే దొడ్డు ఎటు పోవాలి? ఎంటీయూ 1010 గింజ నిజానికి పొడుగ్గా, సన్నగానే ఉంటుంది. దానికి కాటన్ దొర సన్నాలు అనే పేరు కూడా ఉంది. అయినా మన కొనుగోలు కేంద్రాల్లో దాన్ని దొడ్డు కిందే లెక్కేస్తారు. నల్లగొండలో తినేవాళ్లు తగ్గుతున్న ఆ గింజకు కొత్త ఊరు వెతకాలి. అది ఏ దేశంలో ఉన్నా అక్కడికి చేరే దారి ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది అరవై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న.

కొత్త దేశంలో సరుకు అమ్మాలంటే ముందు అక్కడి ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. శాంపిల్ పంపాలి, ల్యాబ్ రిపోర్టులు చూపాలి, ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టాలి. కొనేవాడు నమ్మే దాకా రెండు మూడు సార్లు వెళ్లి రావాలి. ఇంతా చేసి ఆర్డర్ రాకపోతే ఖర్చంతా మట్టిపాలే. ఒకరు దారి వేస్తే వెనక పదిమంది పోతారు కాబట్టి ముందు వెళ్లేవాడికి సర్కారు సాయం ఉండాలన్నది ఎగుమతికి నిధులిచ్చే పథకాలన్నిటి మూలసూత్రం.

ఈ కిటుకు అమెరికాకు ముందే తెలుసు. 1954 నాటి పీఎల్-480 చట్టం కింద మనకు ఎర్ర గోధుమలు వచ్చిన సంగతి పెద్దవాళ్లకు గుర్తే. వాటికి మనలాంటి దేశాలు సొంత కరెన్సీలో కట్టిన డబ్బులో కొంత అమెరికా పంటలకు మార్కెట్ పెంచే పనికే వాడుకోవచ్చని ఆ చట్టంలో రాసుకున్నారు. 1990 వ్యవసాయ చట్టంతో వర్ధమాన మార్కెట్ల కోసం, అంటే ఇంకా ఎదుగుతున్న దేశాల కోసం, విడిగా ఒక కార్యక్రమం వచ్చింది. 2018 చట్టం దానికి ఏటా 80 లక్షల డాలర్లు కేటాయించింది. ఏ ఒక్క కంపెనీ బ్రాండ్ ప్రచారానికీ అందులో డబ్బివ్వరు. మార్కెట్ అధ్యయనం, శిక్షణ, సాంకేతిక సాయం లాంటి పనులకే ఇస్తారు. మొత్తం చిన్నదే, కానీ ఏళ్ల తరబడి ఆగకుండా సాగింది.

మన దగ్గర పథకాల పేర్లకు కొదవ లేదు. మార్కెట్ అభివృద్ధి సాయం 1963లో మొదలైంది. 1985 చివర్లో పార్లమెంటు చట్టం చేస్తే 1986 ఫిబ్రవరిలో అపెడా పుట్టింది. వ్యవసాయ, ప్రాసెస్డ్ ఆహార ఎగుమతుల పని చూసే ఆ సంస్థ ప్యాక్‌హౌస్‌లకు, నాణ్యత పరీక్షలకు, విదేశీ ప్రదర్శనలకు సాయం ఇస్తూ వచ్చింది. 1997లో లాటిన్ అమెరికాపై, 2002లో నైజీరియా, ఘనా, కెన్యా సహా ఏడు ఆఫ్రికా దేశాలపై ప్రత్యేక కార్యక్రమాలు పెట్టారు. ఈ మధ్యలోనే కొత్త మార్కెట్లు వెతికేందుకు సాయమిచ్చే మార్కెట్ యాక్సెస్ ఇనీషియేటివ్ వచ్చింది.

వీటిలో పాలమూరు చేలల్లోకి నేరుగా దిగింది ఒక్కటే, 2001 నాటి వ్యవసాయ ఎగుమతి మండళ్ల పథకం. అంటే ఒక్కో పంటకు కొన్ని జిల్లాలను ఎగుమతి ప్రాంతంగా ప్రకటించడం. దేశంలో అరవై మండళ్లు ప్రకటించారు. మహబూబ్‌నగర్, నల్లగొండలకు గెర్కిన్ మండలిలో చోటు దొరికింది. గెర్కిన్ అంటే పచ్చడికి వాడే బుల్లి దోసకాయ. మనవాళ్లు తినేది కాదు, సంతలో అమ్ముడుపోయేదీ కాదు. కంపెనీ విత్తనం ఇస్తుంది, కాయ కొనుక్కుంటుంది, వెనిగర్‌లోనో ఉప్పునీళ్లలోనో నానబెట్టి డ్రమ్ముల్లో ఓడెక్కిస్తుంది.

దీని లెక్కే వేరు. విత్తిన నెల దాటగానే కోత మొదలవుతుంది, ఇక రోజూ కోయాల్సిందే. కిలోకు ఎన్ని కాయలు తూగుతాయన్న దాన్ని బట్టి గ్రేడు. కిలోకు 160 పైన తూగే చిటికెన వేలంత కాయకు మంచి రేటు. వంద లోపు తూగితే రేటు పడిపోతుంది. ఒక్క పొద్దు కూలీలు రాకపోయినా, కరెంటు పోయి నీళ్లు ఆలస్యమైనా, తెల్లారేసరికి కాయ లావెక్కి కింది గ్రేడులో పడుతుంది. మన పంటల్లో గింజ నిండితే రైతు సంబరపడతాడు, ఇక్కడ కాయ పెరిగితే టెన్షన్! పైగా ఆ కాయ యూరప్‌కూ అమెరికాకూ పోయేది, వర్ధమాన దేశాలకు కాదు. 2004లో వాణిజ్య శాఖ సమీక్షిస్తే చాలా మండళ్లు అనుకున్నంత పని చేయలేదని తేలింది, కొత్తవి ప్రకటించడం మానేశారు. గెర్కిన్ సాగు కొన్ని ఊళ్లలో నిలబడిందంటే అది కంపెనీ ఒప్పందాల వల్లేనని నా అభిప్రాయం, మండలి అని తగిలించిన బోర్డు వల్ల కాదు.

వర్ధమాన మార్కెట్ల అసలు కథ బియ్యానిది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది, వరి వెంట మిర్యాలగూడ మిల్లులు పెరిగాయి. యాసంగి పంట కోతకొచ్చేది ఏప్రిల్, మే ఎండల్లో. ఆ వేడికి గింజ లోపల సన్నని పగుళ్లు వస్తాయి, పచ్చిగా మర పడితే నూక ఎక్కువ. అందుకే వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. గింజ గట్టిపడి విరగదు. ఈ బాయిల్డ్ బియ్యాన్ని తెలంగాణ ఇళ్లలో పెద్దగా వండుకోరు. కేరళలో తింటారు, పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్ నుంచి నైజీరియా దాకా తింటారు. సెనెగల్‌లోనైతే నూకలనే ఇష్టపడి కొంటారు. ఇక్కడ కోళ్ల దాణాకు పోయే సరుకు అక్కడ పండగ భోజనం.

ఈ మార్కెట్లు మనకు చిక్కింది నిధుల వల్లేనా అంటే సందేహమే. 2007 అక్టోబర్‌లో కేంద్రం బాస్మతియేతర బియ్యం ఎగుమతికి అడ్డుకట్ట వేసింది. 2008 ఏప్రిల్‌కల్లా అది పూర్తి నిషేధమైంది. అప్పటికి ఆఫ్రికాపై ప్రత్యేక కార్యక్రమం ఒకపక్క నడుస్తూనే ఉంది! 2011 సెప్టెంబర్‌లో నిషేధం ఎత్తేశారు. సరిగ్గా అప్పుడే థాయ్‌లాండ్ ప్రభుత్వం తన రైతుల దగ్గర మార్కెట్‌ను మించిన ధరకు వడ్లు కొనడం మొదలుపెట్టింది. వాళ్ల బియ్యం ప్రియమైంది, మనది చవకగా కనిపించింది. 2012కల్లా భారత్ ప్రపంచంలో మొదటి ఎగుమతిదారు అయింది. ఇప్పుడు ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే.

బియ్యానికి నేరుగా అందిన సాయం తక్కువే. 2018 నవంబర్ 26 నుంచి 2019 మార్చి 25 వరకు బాస్మతియేతర బియ్యంపై 5 శాతం ప్రోత్సాహకం ఇచ్చారు. నాలుగంటే నాలుగే నెలలు. 2019 మార్చి నుంచి రవాణా ఖర్చులో కొంత తిరిగిచ్చే పథకం వచ్చింది కానీ అందులో బియ్యం, గోధుమలు లేవు. సముద్రం లేని తెలంగాణ నుంచి కాకినాడ దాకా లారీకో రైలుకో పెట్టే ఖర్చు మిల్లరుదే. బియ్యానికి ఆ 5 శాతం ప్రోత్సాహకం ఏ పథకం కింద ఇచ్చారో దానిపైనే 2018లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. 2019 అక్టోబర్‌లో తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది, 2020 చివరికి పథకం ముగిసింది.

ఆ తర్వాత వరుసగా దెబ్బలే. యాసంగి బాయిల్డ్ బియ్యం ఇక తీసుకోబోమని 2021లో కేంద్రం చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం వరి వేయొద్దని రైతులకు చెప్పే దాకా పోయింది, 2022 ఏప్రిల్ 11న కేసీఆర్ ఢిల్లీలో ధర్నా చేశారు. 2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతి ఆపేశారు. 2023 జులై 20న తెల్ల బియ్యం నిషేధం, ఆగస్టు 25న బాయిల్డ్‌పై 20 శాతం సుంకం. దేశంలో ధరలు పెరుగుతుంటే ఏ ప్రభుత్వమైనా కలవరపడుతుంది, అది అర్థం చేసుకోవచ్చు. కానీ రాత్రికి రాత్రి నోటిఫికేషన్ ఇస్తే ఒప్పందం చేసుకున్నవాడు ఏం కావాలి? అడ్డంకుల తొలగింపు 2024 సెప్టెంబర్ చివర మొదలై అక్టోబర్ కల్లా చాలావరకు పూర్తయింది, నూకలకు మాత్రం 2025 మార్చి దాకా పట్టింది. అప్పటికి కొన్నవాళ్లు వేరే గుమ్మాలు చూసుకున్నారు.

ఫిలిప్పీన్స్ కథా అంతే. అక్కడ ఆసియాన్ కూటమి (ఆగ్నేయాసియా దేశాల) బియ్యానికి 35 శాతం సుంకం ఉండగా మన బియ్యానికి 50 శాతం ఉండేది. 2021లో అందరికీ 35 చేశారు, 2024లో 15కు దించారు. మనకు దారి ఇచ్చింది ఆ నిర్ణయాలే. వియత్నాం దశాబ్దాలుగా పాతుకుపోయిన ఆ మార్కెట్‌లో 5 శాతం నూక సరుకుతో నిలబడాలి. మన ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) లెక్కలో పచ్చి బియ్యానికి 25 శాతం నూక దాకా చెల్లేది. తేడా ఎంతో మిల్లు నడిపేవాడికి చెప్పక్కర్లేదు. తొలి ఓడ వెళ్లిన అయిదు నెలలకే, 2025 సెప్టెంబర్ 1 నుంచి, తమ రైతులకు ధర పడిపోతోందని మనీలాలోని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బియ్యం దిగుమతులు ఆపేసింది. మొదట 60 రోజులన్నారు, తర్వాత ఏడాది చివరి దాకా పొడిగించారు.

2025 సెప్టెంబర్‌లోనే ఇండోనేసియా మన పల్లికాయ దిగుమతిని నిలిపేసింది. కారణం అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల గింజలో చేరే విషం. వనపర్తి, గద్వాల వైపు యాసంగి పల్లికి ఇది నేరుగా తగిలే విషయం. విదేశాల్లో స్టాల్‌కు పెట్టే డబ్బులో కొంత కల్లం దగ్గర తేమ కొలిచే మీటరుకు, ఆరబోతకు, దగ్గర్లో ఒక ల్యాబ్‌కు పెట్టి ఉంటే ఎక్కువ పని జరిగేదని నాకనిపిస్తుంది.

2025 నవంబర్ 12న కేంద్ర కేబినెట్ ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. 2030-31 వరకు 25,060 కోట్ల రూపాయలు. పాత మార్కెట్ యాక్సెస్ పథకాన్ని అందులో కలిపేశారు. ఒక భాగం అప్పుల భారం తగ్గించడానికి, రెండోది నాణ్యత, ప్రదర్శనలు, గోదాములు, లోతట్టు రవాణా ఖర్చులకు. విదేశాల సుంకాల దెబ్బ తగిలిన రంగాలకు ముందు ప్రాధాన్యం అన్నారు. ఆ వరుసలో వస్త్రాలు, తోలు, నగలు, ఇంజనీరింగ్ సరుకులు, చేపలు, రొయ్యలు ఉన్నాయి. బియ్యం పేరు, పల్లి పేరు లేవు. మిర్యాలగూడ మిల్లరు ఇందులో చూడాల్సింది లోతట్టు రవాణా సాయం ఒక్కటే. అది బియ్యానికి వర్తిస్తే కాకినాడ కిరాయిలో కొంత తగ్గుతుంది, వర్తించకపోతే 2019 నాటి రవాణా పథకంలో లాగే ఇప్పుడూ బయటే ఉంటాడు.