తుప్పు ఎక్కడ పట్టాలి?

మొదటిసారి ఒక బొగ్గు వ్యాగన్‌కి తుప్పు పట్టించినప్పుడు తెగ మురిసిపోయాను. ఇంట్లో నేను కట్టుకుంటున్న బొమ్మ రైల్వే స్టేషన్ కోసం తెచ్చిన ప్లాస్టిక్ వ్యాగన్. 1:87 స్కేలు, అంటే అసలు వ్యాగన్ పొడవులో 87వ వంతు. జానెడు కూడా ఉండదు. స్పాంజి ముక్కతో నారింజ, గోధుమ రంగులు అద్ది పైనుంచి కిందిదాకా ముంచేశాను. మా మేనమామ లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. కళ్లద్దాలు పైకి తోసుకుని, వ్యాగన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గిది తుప్పు గాదు బిడ్డా, గజ్జి. నీళ్లు యాడ నిలుస్తయో ఆడ పడ్తది తుప్పు. అంతట పడ్తదా?”

ఆ ఆదివారం మల్కాజిగిరి స్టేషన్‌లో ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని గూడ్స్ బండ్ల కోసం కూర్చున్నాను. మామ చెప్పింది నిజమే. తలుపు కీళ్ల కింద, రంగు లేచిపోయిన అంచుల దగ్గర, అడుగున నీళ్లు నిలిచే మూలల్లో ముదురు తుప్పు. అక్కడినుంచి సన్నటి చారలు నిలువుగా కిందికి దిగాయి. మధ్యలో రేకు, దుమ్ము సంగతి వదిలేస్తే, బాగానే ఉంది. చక్రాల దగ్గర ఇంకో రకం గోధుమరంగు. అది తుప్పు పట్టిన రేకు కాదు, బ్రేకు వేసినప్పుడల్లా రాలిన పొడి వచ్చి అంటుకున్నది. పట్టాల పక్కలకి తుప్పు, పైభాగం మాత్రం చక్రాల రాపిడికి అద్దంలా మెరుస్తోంది.

ఇనుముకి తుప్పు పట్టాలంటే గాలిలో ఆక్సిజన్, తడి రెండూ కావాలి. రంగు ఉన్నంతసేపు ఆ రెండూ లోపలికి పోలేవు. ఒక్కచోట గీత పడితే చాలు, పని మొదలవుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే చుట్టూ ఉన్న రంగు పొక్కులా ఉబ్బి, పగిలి, పెచ్చులుగా ఊడుతుంది. పాత తుప్పు ముదురు గోధుమ, కొత్తది నారింజ. కాబట్టి బొమ్మ మీద మచ్చ నడుమ ముదురు రంగు, అంచుల్లో లేత రంగు వేయాలి. నేను సరిగ్గా తలకిందులుగా వేశాను.

ఆ పెచ్చుల్ని కుంచెతో వేయడం చాలా కష్టం. ఎంత జాగ్రత్తపడినా మన చేయి చుక్కల మధ్య సమాన దూరం పాటించేస్తుంది, ముగ్గు పెట్టినట్టు. దీనికి వంటింటి ఉప్పే మందు. ముందు వ్యాగన్ మొత్తానికి తుప్పు రంగు వేసి ఆరనివ్వాలి. తర్వాత కావలసిన చోట మాత్రమే తడి చేసి ఉప్పు చల్లాలి. కొన్ని పలుకులు ఒంటరిగా, కొన్ని గుంపుగా అంటుకుంటాయి. అది ఆరాక పైన అసలు రంగు వేసి, అదీ ఆరాక తడి కుంచెతో రుద్దితే ఉప్పు ఊడి, కింద తుప్పు బయటపడుతుంది. ఒక్క మచ్చ కూడా ఇంకోదానిలా ఉండదు. నా మటుకు నాకు ఖరీదైన సీసాల్లో వచ్చే రెడీమేడ్ తుప్పు కంటే ఇదే నచ్చుతుంది.

మచ్చ ఎంత సన్నగా ఉండాలో కూడా లెక్క కట్టొచ్చు. అరమీటరు దూరం నుంచి ఈ బొమ్మని చూడటమంటే అసలు వ్యాగన్‌ని 43 మీటర్ల దూరం నుంచి చూడటమే. అంత దూరంలో మామూలు కంటికి సుమారు ఒకటింబావు సెంటీమీటరు కంటే చిన్న గుర్తులు విడిగా ఆనవు. బొమ్మ మీద అది మిల్లీమీటరులో ఏడో వంతు. అంతకన్నా సన్నగా గీసి కళ్లు పోగొట్టుకోవడం దండగ. రంగుల్ని కాస్త లేతగా కలపడం కూడా మంచిది. నడినెత్తి ఎండ లక్ష లక్స్ (వెలుతురుకి కొలమానం) దాకా ఉంటే, ట్యూబ్‌లైటు గదిలో కొన్ని వందల లక్స్ మించవు. ఎండలో చూసిన రంగునే తెచ్చి గదిలో వేస్తే నల్లగా కనబడుతుంది.

కంకర సంగతి నాకు భలే నచ్చింది. మన రైలు పట్టాల కింద వేసే కంకర దాదాపు 20 నుంచి 65 మిల్లీమీటర్ల సైజులో ఉంటుంది. 87తో భాగిస్తే పావు మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు. అంటే ఇసుకే! ఇల్లు కట్టేచోట గుప్పెడు తెచ్చి, కడిగి, టీ వడపోసే జాలీలో జల్లించుకుంటే సరిపోయింది.

దాన్ని అతికించబోయినప్పుడు మాత్రం సైన్సు ఎదురు తిరిగింది. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి చుక్క వేశాను. చుక్క ఇంకలేదు, ఇసుక మీద గుండ్రంగా కూర్చుని, పలుకుల్ని తనకే అంటించుకుని దొర్లింది. అది దొర్లిన చోట గుంట. మనం స్టేషన్‌ని 87 రెట్లు చిన్నది చేయగలం గానీ నీటి తలతన్యతని, అంటే దాని పైపొరని బిగదీసి ఉంచే గుణాన్ని, చేయలేం. మూడు మిల్లీమీటర్ల చుక్క ఆ బొమ్మ ప్రపంచంలో 26 సెంటీమీటర్ల గుండు. బొమ్మ చెరువులో నిజం నీళ్లు పోస్తే చెరువులా కనబడకపోవడానికీ ఇదొక కారణం. ఒడ్డున నీరు వంపు తిరిగి పైకి పాకుతుంది, అలలు రావు. అందుకే పారదర్శక రెజిన్ పోస్తారు. నా జిగురు సమస్యకి మాత్రం గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క చాలింది. సబ్బు తలతన్యతని తగ్గిస్తుంది, జిగురు చడీచప్పుడు లేకుండా ఇసుకలోకి దిగిపోయింది.

స్టేషన్ వెనకాల రాళ్ల గుట్ట పెట్టకపోతే అది హైదరాబాద్ అనిపించదు. ఖాజాగూడ దగ్గరో, దుర్గం చెరువు ఒడ్డునో చూసే ఉంటారు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే బండలు. ఎవరూ పేర్చలేదు. అవి సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటి గ్రానైట్. భూమి లోపల ఉన్నప్పుడే అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడి, మైసూర్‌పాక్ కోసినట్టు ముక్కలయ్యాయి. ఆ పగుళ్లలోకి దిగిన నీరు రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా బంకమట్టిగా మార్చింది. ముక్క ముఖం మీద దాడి ఒకవైపు నుంచే, అంచు మీద రెండువైపుల నుంచి, మూల మీద మూడువైపుల నుంచి. అందుకే మూలలు ముందు అరిగి బండలు గుండ్రబడ్డాయి. మెత్తబడిన మట్టి వానలకి కొట్టుకుపోయి, బండలు ఒకదాని మీద ఒకటి మిగిలాయి.

ఇది తెలియక నేను మొదట థర్మాకోల్‌తో ఉండలు చేసి పేర్చాను. అచ్చం లడ్డూల పళ్లెం! తర్వాత ఒకే దిమ్మ తీసుకుని, పగుళ్లు ముందు కోసి, ఆ ముక్కల మూలలు అరగదీశాను. అప్పుడు పక్కపక్క బండలకి చుట్టరికం వచ్చింది. వాటి మీద తొందరపడి స్ప్రే పెయింట్ కొట్టాను, ఒక బండ కళ్లముందే కరిగి గొయ్యి అయింది. థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ నురగే, స్ప్రేలోని ద్రావకం దాన్ని కరిగించేస్తుంది. థర్మాకోల్‌కి నీటి రంగులే గతి.

బండల మీద పైనుంచి దిగే నల్లటి చారలు నీరు జారే దారిలో పెరిగే సూక్ష్మజీవులవి. మన అపార్ట్‌మెంట్ల సజ్జల కింద వానాకాలంలో నల్లబడే గోడలూ దాదాపు ఇదే కథ. వాటిని నేను గీయలేదు. పలచటి నల్లరంగులో సబ్బు చుక్క కలిపి, బండ నెత్తిన వదిలేశాను. దాని దారి అదే చూసుకుంది. గుట్ట కింద ఎర్రమట్టికి ఇంకా సులువు. మన నేల ఎరుపూ ఇనుము ఆక్సైడ్ చలవే కాబట్టి, వ్యాగన్‌కి కలిపిన తుప్పు రంగులో మిగిలింది కిందికి పనికొచ్చింది.

ఇంత చేసి, బాగుచేసిన వ్యాగన్‌ని మామ చేతిలో పెట్టాను. చాలాసేపు తిప్పి చూశాడు. తుప్పు గురించి ఒక్క మాట అనలేదు.

“అన్నీ బాగున్నయ్ గానీ,” అన్నాడు, “హ్యాండ్‌బ్రేక్ చక్రం యాడ వాయె?”